కుడి చివర నలుగురు

మాది ఫ్లెక్సుల పని. నల్లపాడు స్టేషన్ రోడ్డులో ఇరవై రెండేళ్ల నుంచి షాపు. పుట్టినరోజులు, ఎలక్షన్లు, క్రిస్మస్ శుభాకాంక్షలు, మిరప నారు అమ్మే నర్సరీల బోర్డులు, ఏదైనా చేస్తాం. నా చదువు తొమ్మిదో తరగతి, అదీ పూర్తిగా కాదు. కానీ ఒక్క విషయం మాత్రం నాకు డిగ్రీ చదివినవాడికన్నా బాగా తెలుసు. ఫ్లెక్సులో తలకాయల సంగతి. ఎవరి తల ఎంత ఉండాలి, ఎవరి పక్కన ఎవరుండాలి, కింద గుండ్రాల్లో ఎవరెవరు రావాలి. ఒక్క తల తగ్గిందంటే తెల్లారేసరికి షాపు ముందు నాలుగు బండ్లు ఆగుతాయి. "ఏరా, మావాడు కనపళ్లేదా నీ కంటికి?" అంటారు. పొరపాటైందంటే నమ్మరు. వాళ్లు నమ్మకపోవడం న్యాయమే. ఫ్లెక్సులో తల దానంతట అది పోదు. ఎవరో ఒకరు తియ్యమంటేనే పోతుంది.

ఇంత తెలిసినవాణ్ణి నెల రోజులు ఎట్లా బుర్ర పని చేయకుండా తిరిగానో చెబుతాను.

నతానియేలన్న మా పాలెం వాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇప్పుడు హైస్కూల్లో హెడ్మాస్టరు. మా అమ్మ పోయేనాటికి నాకు పదిహేనేళ్లు, మా నాన్న అంతకుముందే లేడు. ఆ తర్వాత మూడేళ్లు నేను అన్నం తిన్నది నతానియేలన్న వాళ్లింట్లోనే. వాళ్లమ్మ ఏస్తేరమ్మని పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. కూర తక్కువైన రోజు ఆమె అన్న కంచంలోది తీసి నా కంచంలో వేసేది. అన్న చదువుకుంటూ పైకి వెళ్లాడు, నేను రంగు డబ్బా పట్టుకుని గోడల మీద అక్షరాలు రాస్తూ ఇటొచ్చాను. అయినా పండక్కీ పబ్బానికీ ఒకళ్లింటికి ఒకళ్లం పోకుండా ఉన్నది లేదు.

మొన్న వేసవిలో అన్న షాపుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"తమ్ముడూ, మన పాలెం చరిత్ర రాశాను. చర్చి, బడి, మన పెద్దోళ్లు, అన్నీ."

"మంచి పని చేశావన్నా. అచ్చు ఎక్కడేపిస్తున్నావు?"

"అచ్చు కాదురా. ఫోన్లో చదివే పుస్తకం. ఈ-బుక్. మనోళ్ల పిల్లలు హైదరాబాదులో ఉన్నారు, బెంగుళూరులో ఉన్నారు, కువైట్‌లో ఉన్నారు. అచ్చేస్తే ఎవరు మోసుకెళ్తారు? మా మహిమ తయారు చేస్తానంది. అక్షరాల సంగతి మేం చూసుకుంటాం. ఫొటోలు నలభై ఒకటున్నాయి. వాటి సైజుల సంగతి నువ్వు చూడాలి."

మహిమ అంటే అన్న కూతురు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం.

"ఎన్ని అడుగులు చేయమంటావు?" అన్నాను.

అన్న నవ్వాడు. "ఫోన్లో చూసేదానికి అడుగులేంట్రా?"

నాకు తెలిసింది అడుగులే కదా. ఎందుకైనా మంచిదని మొదటి ఫొటో ఆరుకి నాలుగు అడుగులు చేసి పంపాను. పేర్లు కూడా ఫొటో మీదే పసుప్పచ్చ అక్షరాలతో, ఎర్ర అంచు పెట్టి రాశాను. సాయంత్రం మహిమ ఫోను చేసింది.

"బాబాయ్, ఒక్క ఫొటో నూట తొంభై ఎంబీ ఉంది! పుస్తకం ఫోన్లో పడేది కాదు, ఫోను మీద పడేటట్టుంది."

ఆ పిల్ల ఓపికగా చెప్పింది. ఫోను తెర ఒక వెడల్పు, టాబ్ ఒక వెడల్పు, నలుపు తెలుపులో పుస్తకాలు చదివే మిషను ఇంకో వెడల్పు. ఇన్ని అంగుళాలని మనం బిగించేస్తే చిన్న తెరలో ఫొటో కుడివైపుకి బయటికి పోతుంది, సగం కనపడదు. అందుకని తెర వెడల్పులో నూటికి నూరు వంతులని రాయాలి. అప్పుడు ఏ తెర అయితే ఆ తెరకి ఫొటో తనంతట తను సర్దుకుంటుంది. పెద్ద తెరకి సరిపడేంత పిక్సెళ్లు ఉంచాలి. చిన్నది చేసి పంపితే పెద్ద తెర మీద మొహాలు అటుకుల్లా చెదిరిపోతాయి. పేర్లు ఫొటో మీద రాయకూడదు, ఫొటో చిన్నదైతే అవీ చిన్నవైపోతాయి. కింద విడిగా రాస్తే చదివేవాళ్లు కావాల్సినంత పెద్దవి చేసుకుంటారు.

మొదట్లో నేను చేసిన రెండు ఫొటోలు అట్లాగే కుడివైపు తెర దాటిపోయాయి. తర్వాత పట్టు దొరికింది. నలభై ఒక్క ఫొటోలకీ ఒకటి, రెండు, మూడు అని నంబర్లేసి, దుమ్ము తీసి, గీతలు పూడ్చి అన్న చేత మహిమకి పంపించాను. డబ్బు మాట ఎత్తలేదు, ఎత్తుతానా?

వాటిల్లో ఇరవై మూడో ఫొటో ఒక్కదానికే నాలుగు రోజులు పట్టింది.

అది డెబ్బై తొమ్మిదిలో, మా పాలెం బడికి శ్లాబు పోసిన రోజు తీసింది. మార్చి నెల. మామూలు ఫొటోలకన్నా అడ్డంగా బాగా పొడుగు. చిన్నప్పుడు అన్న వాళ్లింటి గోడకి ఉండేది, నేను అన్నం తింటూ దాన్నే చూసేవాణ్ణి. వాళ్లు కొత్తిల్లు కట్టినప్పుడు పోయిందనుకున్నాం. ఈ పుస్తకం కోసం వెతికితే ఇనప్పెట్టె అడుగున దొరికింది. మధ్యలో పాస్టరుగారు, పక్కన అన్న వాళ్ల నాన్న, సంఘ పెద్దలు. ముందు నేల మీద పిల్లలం. అన్నకి పదమూడేళ్లు, నాకు తొమ్మిది. కుడి చివర నలుగురు ఆడవాళ్లు.

వాళ్లు నలుగురూ పొద్దున మిరప కల్లంలో తాలు ఏరడానికి వెళ్లారు. తాలంటే రంగు రాకుండా తెల్లబారిపోయిన మిరపకాయ. ఎర్రకాయల్లోంచి దాన్ని ఏరి పక్కన పోస్తారు. మధ్యాహ్నం శ్లాబుకి మనుషులు చాల్లేదని కబురొస్తే నలుగురూ కల్లంలోంచి అట్లాగే వచ్చి పొద్దు వాలేదాకా కాంక్రీటు తట్టలు మోశారు. అడ్డంగా చుట్టుకున్న గోతాలు నడుముకే ఉన్నాయి, మూతికి కట్టుకున్న గుడ్డలు మెడలోకి జారి ఉన్నాయి. వాళ్ల బట్టల్లో మిరప ఘాటుకి పక్కవాళ్లు తుమ్ముతుంటే ఫొటోగ్రాఫరు "అమ్మా, మీరు నలుగురూ కాస్త ఎడంగా జరగండి" అన్నాడట. అందుకే ఆ నలుగురికీ మిగతావాళ్లకీ మధ్య మూరెడు ఖాళీ, ఆ ఖాళీలో ఒక సెంట్రింగు కర్ర.

కర్రకి అవతల మొదటిది మా అమ్మ సంతోషమ్మ. ఆమె పక్కన ఏస్తేరమ్మ పెద్దమ్మ. ఆ తర్వాత మార్తమ్మ, చివర సాయిబుల బజారు కరీమున్.

మా అమ్మకి ఇంకో ఫొటో లేదు. ఓటరు కార్డులు రాకముందే పోయింది. బడి గోడకున్న రాతిపలక మీద పాస్టర్ల పేర్లూ పెద్దల పేర్లూ ఉన్నాయిగానీ తట్టలు మోసినవాళ్ల పేర్లుండవు కదా. మా అమ్మ ఆ బడికి పని చేసిందనడానికి ఈ ఫొటో ఒక్కటే ఆధారం. దాన్ని మా పాలెం పిల్లలందరూ చూస్తారంటే నాకెట్లా ఉంటుందో మీరే ఆలోచించండి. నలుగురి మొహాలూ వెంట్రుక వెంట్రుక శుభ్రం చేశాను. కింద రాయడానికి ఎడమ నుంచి కుడికి ఇరవై ఏడు పేర్లూ పంపాను.

ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పుస్తకాన్ని సంఘం వాట్సాప్ గ్రూపులో వదిలారు. నేను చర్చి మెట్ల మీదే నిలబడి తెరిచాను. ఒక్కో ఫొటో తెరకి అమిరినట్టు కూర్చుంది. ఇరవై మూడుకొచ్చాను. పాస్టరుగారున్నారు, అన్న వాళ్ల నాన్న ఉన్నాడు, ముందు మేం పిల్లలం ఉన్నాం. సెంట్రింగు కర్ర దగ్గర ఫొటో అయిపోయింది. కింద పేర్లు కూడా ఇరవై మూడే ఉన్నాయి.

నాకు ముందు అన్న మీదకి పోలేదు ఆలోచన. నా మీదకే పోయింది. మొదట్లో రెండు ఫొటోలు కుడివైపుకి పోయాయని చెప్పానుగా, ఇదీ అట్లాగే పోయిందనుకున్నాను. పొడుగు ఫొటో కదా, నూటికి నూరు అని రాయడం నేనే మరిచిపోయి ఉంటాను. పేర్లు తగ్గడం కూడా, మహిమ ఫొటోలో కనపడినవాళ్లనే లెక్కపెట్టి మిగతావి తీసేసి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చి అన్నం సహించలేదు.

"ఏమైంది?" అంది మా ఆవిడ రెబ్కా.

"అమ్మ ఫోను దాటిపోయింది," అన్నాను.

"ఇన్ని వేల ఫ్లెక్సులు చేశావు. ఒక్కడి తల పోనియ్యలేదు. కన్నతల్లిదే పోగొట్టావా?" అంది. ఆమె ఎగతాళికే అంది. నాకు మాత్రం గుచ్చుకుంది.

మర్నాడు పక్కనే ఫోన్లు బాగుచేసే సుభానీ షాపుకెళ్లాను. వాడి దగ్గర రిపేరుకొచ్చినవి ఎప్పుడూ ఓ పాతిక ఉంటాయి.

"ఒరేయ్ సుభానీ, నాకు అన్ని సైజుల తెరలూ కావాలిరా."

"పెళ్లికా బాబాయ్?" అన్నాడు.

విషయం చెబితే వాడే అన్నీ బల్ల మీద పరిచాడు. చిన్న ఫోను, పెద్ద ఫోను, పగిలిన టాబ్. చదివే మిషను మాత్రం దొరకలేదు. జూనియర్ కాలేజీ సిద్దికా మేడం దగ్గరుందంటే పోయి కొన్నాళ్లకి ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. అన్నిట్లోనూ పుస్తకం ఎక్కించి ఇరవై మూడో ఫొటో తెరిచాం. చిన్న ఫోన్లో కర్ర దగ్గర ఆగింది. పెద్ద ఫోన్లోనూ అక్కడే. టాబ్ అడ్డంగా తిప్పితే ఎంత చోటుందని! అందులోనూ కర్ర దగ్గరే.

"చోటు చాలకపోతే చిన్నదాంట్లో పోవాలిగానీ, పెద్దదాంట్లో కూడా పోతుందా బాబాయ్?" అన్నాడు సుభానీ.

నా బుర్ర ఇంకో దారిలో ఉంది. నా దగ్గరున్న మొత్తం ఫొటోని చదివే మిషన్లో పెట్టి చూశాను, వెడల్పంతా పట్టింది. కానీ మనుషులు మిరప గింజలంత అయ్యారు. ఓహో, మొహాలు కనపడవని మహిమ కోసి పెద్దది చేసి ఉంటుందిలే అనుకున్నాను. పాపం ఆ పిల్లకేం తెలుసు, ఆ నలుగురూ ఎవరో? దానికి మందు నేనే ఆలోచించాను. ముందు పేజీలో మొత్తం ఫొటో, తర్వాత పేజీలో ఎడమ సగం, ఆ తర్వాత కుడి సగం. అప్పుడు ఎంత చిన్న తెరలోనైనా ప్రతి మొహం తెలుస్తుంది. రెండు రోజులు కూర్చుని మూడూ చేసి, అన్ని తెరల మీదా చూసుకుని, సంబరంగా అన్న ఇంటికి వెళ్లాను.

అన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. నేను ఫోను చేతిలో పెట్టి చూపించాను. ఎడమ సగం చూశాడు. కుడి సగం రాగానే కళ్లజోడు తీసేశాడు.

"బాగానే ఉందిరా. కానీ ఫైలు బరువైపోద్ది. కువైట్ వాళ్లకి దిగదు."

"ఎంతుండాలన్నా?"

"మహిమనడగాలి. ఏదో లెక్క ఉంది వాళ్లకి."

"నేను తగ్గించుకొస్తాలే."

తగ్గించాను. మూడు ఫొటోలూ కలిపినా పాత ఒక్కదానికన్నా తక్కువ బరువొచ్చింది, మొహాలు చెదరలేదు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను.

"ఇప్పుడు పేజీల నంబర్లు మారిపోతయ్ తమ్ముడూ."

"ఈ-బుక్‌కి పేజీ నంబర్లుండవు కదన్నా. తెరని బట్టి మారతాయని మహిమే చెప్పింది."

"ఏరా, నాకు పాఠం చెబుతున్నావా?" అన్నాడు నవ్వుతూనే. కాఫీ తెప్పించాడు. వర్షాల సంగతి, మిర్చి రేటు సంగతి మాట్లాడాడు. గేటు దాకా వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "తెరల గోలరా ఇదంతా. మనం అనుకున్నట్టు ఉండవు ఆ మిషన్లు. వదిలెయ్."

నేను నిజంగానే వదిలేద్దామనుకున్నాను. అంత పెద్ద చదువులు చదివినవాడు తెర గోల అంటే తెర గోలే అయ్యుంటుంది.

వదలంది సుభానీ.

"బాబాయ్, ఈ పుస్తకమనేది ఒక మూట. దీని పేరు చివర ఉన్న నాలుగక్షరాలు మార్చి జిప్ అని పెడితే మూట విప్పుకుంటుంది. లోపల ఫొటోలు విడివిడిగా ఉంటయ్. నువ్వు పంపిన ఫొటోనే ఉందో, వేరేది ఉందో చూద్దాం రా."

మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ. వాడి కంప్యూటరులో మూట విప్పాడు. ఫొటోలన్నీ వరసగా ఉన్నాయి. నేను పెట్టిన నంబర్లే. ఇరవై ఒకటి, ఇరవై రెండు. ఇరవై మూడు దగ్గర నంబరు తర్వాత ఇంకేదో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుంది. నాకు ఇంగ్లీషు కూడబలుక్కోవాలి. టి, హెచ్, ఎ, ఎ... ఒక్కో అక్షరం పలుకుతూ పోయాను. అది ఇంగ్లీషు కాదు, మన తెలుగే.

"ఇరవై మూడు, తాలు తీసింది."

మళ్లీ చదివాను. మళ్లీ అదే. నేను పంపిన ఫొటో ఎత్తు ఎంతో ఇదీ అంతే ఎత్తు. వెడల్పు ఒక్కటే కర్ర దగ్గరికి కోసి ఉంది. మొహాలు పెద్దవి చేయలేదు, తెరకి సర్దలేదు. ఏ తెరా చేసిన పని కాదిది.

హైదరాబాదు ఉద్యోగాల పిల్ల తాలు అని పేరు పెట్టదు. ఆ మాట కల్లం తొక్కినవాళ్ల నోటికే వస్తుంది.

"తాలంటే మిరపకాయలే కదా బాబాయ్? ఫొటోలో మిరపకాయలు ఎక్కడున్నయ్?" అన్నాడు సుభానీ.

"కుడివైపున్నయిరా," అన్నాను.

అక్కణ్ణుంచి తిన్నగా అన్న ఇంటికి వెళ్లాను. చెప్పులు విప్పలేదు. అన్న బడి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు.

"ఫొటో నువ్వే కోశావా అన్నా?"

"మళ్లీ మొదలెట్టావా? తెర..."

"తెర కాదు. ఫైలు పేరు చూశాను."

అన్న గుండీ దగ్గర చెయ్యి ఆపేశాడు. కాసేపటికి కుర్చీలో కూర్చున్నాడు.

"అది మహిమకి తెలియాలని పెట్టిన పేరురా. రెండు ఫైళ్లు పంపాను, ఏది వాడాలో తెలియడానికి. ఏదో నోటికొచ్చిన మాట."

"నోటికి ఆ మాటే ఎందుకొచ్చిందన్నా?"

"నిన్నేమన్నా అన్నానా? మీ అమ్మనొక్కదాన్నే తీశానా? మా అమ్మని కూడా తీశాను కదరా! నీకు పోయిందేంటి, నాకు మిగిలిందేంటి?"

నేను వచ్చింది మా అమ్మ కోసం. తన తల్లిని తీసేశానని అన్న దాన్నొక న్యాయంలాగా చెబుతున్నాడు.

"ఎందుకు తీశావు పెద్దమ్మని?"

అన్న లేచి లోపలికెళ్లి టాబ్ తెచ్చాడు. పుస్తకంలో మొదటి అధ్యాయం తెరిచి వేలు పెట్టి చూపించాడు. నేను ఫొటోలు చూశానే తప్ప అక్షరాలు చదవలేదు, నా తప్పే. "మా తల్లి ఏస్తేరమ్మ గారు మిషను బడిలో ఉపాధ్యాయురాలిగా పనిచేశారు" అని ఉంది.

పెద్దమ్మకి సంతకం రాదు. రేషను డిపోలో వేలిముద్ర వేసేది. పుస్తకం పట్టుకుంటే తలకిందులుగా పట్టుకునేది, అన్నే నవ్వేవాడు.

"ఉద్యోగంలో చేరినప్పుడు ఎవరో అడిగితే అన్నానురా ఆ మాట," అన్నాడు. గొంతు తగ్గింది. "స్టాఫు రూములో అందరి అమ్మానాన్నలూ ఏదో ఒకటి. నేనూ ఏదో ఒకటి చెప్పాలి కదా. అట్లా చెబుతానే వచ్చాను. సన్మానాల్లో చెప్పాను. స్కూలు పిల్లలకి చెప్పాను. ముప్పై ఏళ్లయింది. ఈ పుస్తకం మా స్టాఫు కూడా చదువుతారు. ఇప్పుడు ఆ ఫొటో పెడితే గోతం కట్టుకుని నిలబడింది ఎవరు మాస్టారూ అంటే ఏం చెప్పను?"

"'మా అమ్మ' అని చెప్పు."

"నీకు తేలిక. నువ్వు ఫ్లెక్సులోడివి."

నిజమే. నన్నెవరూ మీ అమ్మ ఏం చేసేదని అడగలేదు. అయినా ఆ మాట ఎక్కడో తగిలింది.

"అన్నా, ఆళ్లకి కూలితో పాటు తాలు ఇచ్చేవాళ్లు, గుర్తుందా? ఆ తాలు దంచిన కారమే నువ్వూ నేనూ తిన్నది. తెల్లగా ఉండేది. నీ చదువు అయిపోయేదాకా మీ ఇంట్లో ఎర్రకారం ఎరగరు."

"గుర్తుందిరా. గుర్తుంది కాబట్టే," అని ఆగిపోయాడు.

వదిన కాఫీ తెచ్చి పెట్టి, మా మొహాలు చూసి లోపలికెళ్లిపోయింది. అన్న కళ్లు తుడుచుకున్నాడో, కళ్లజోడు తుడుచుకున్నాడో తెలియదు. చివరికి నా వైపు వంగి మెత్తగా అన్నాడు.

"సరే తమ్ముడూ. నీ మాట కాదనను. ఫొటో మొత్తం పెడదాం. నువ్వు చేసినట్టే మూడు పేజీలు. మీ అమ్మ పేరు రాయి. మార్తమ్మ పేరు, కరీమున్ పేరు రాయి. మా అమ్మ దగ్గర మాత్రం 'పేరు తెలియదు' అని రాయి."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

"పాత ఫొటోల్లో అట్లా ఉంటదిరా. అన్ని పుస్తకాల్లో రాస్తారు. ఎవరూ పట్టించుకోరు," అన్నాడు.

సరే అని నేను అనలేదు. కాదనీ అనలేదు. చెప్పాలంటే సిగ్గుగా ఉందిగానీ, దారంతా లెక్కలేసుకుంటూ వచ్చాను. మా అమ్మ వస్తుంది కదా. పేరుతో సహా వస్తుంది కదా. ఎన్నాళ్ల కోరిక. పెద్దమ్మ ఎట్లాగూ లేదు, ఆమె చూడబోయేది ఏముంది? ఉన్నవాడు అన్న, వాడి తల్లి వాడి ఇష్టం.

మర్నాడు పొద్దున షాపులో కూర్చుని కింద రాయాల్సినవి టైపు చేశాను. ఇరవై మూడు పేర్లూ అయ్యాక, సంతోషమ్మ. పేరు తెలియదు. మార్తమ్మ. కరీమున్. సుభానీ ఫోన్లన్నిట్లోనూ ఎక్కించి చూశాను. చిన్న తెరలో ఆ మాటలు రెండు వరసలయ్యాయి, పెద్ద తెరలో ఒకటే వరస. మిషన్లో అక్షరాలు పెంచినా తగ్గించినా చక్కగా సర్దుకున్నాయి. పనిలో వంక పెట్టేదేమీ లేదు.

రెబ్కా అన్నం క్యారేజీ తెచ్చి, నా భుజం మీదుగా తెర చూసింది.

"పెద్దమ్మ పేరు నీకు తెలియదా?"

"తెలుసు."

"మరి ఇదేంటి?"

"అన్న రాయమన్నాడు."

"ఆయనకి తెలియదా?"

ఆమె క్యారేజీ బల్ల మీద పెట్టింది. మా పెళ్లైన కొత్తలో పెద్దమ్మ మంచాన పడితే నాలుగు నెలలు పుండ్లు కడిగింది రెబ్కానే. అప్పుడు అన్నకి బదిలీ అయి దూరంగా ఉండేవాడు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు. "తిను, చల్లారిపోద్ది," అని వెళ్లిపోయింది.

నేను తినలేదు. ఫొటో పెద్దది చేశాను. తెర మీద మా అమ్మా పెద్దమ్మా మాత్రమే మిగిలారు. మా అమ్మ మోచెయ్యి పెద్దమ్మ మోచేతికి తగిలి ఉంది. శుభ్రం చేసేటప్పుడు ఆ రెండు మోచేతుల మధ్య గీత పూడ్చడానికే నాకు ఒక పూట పట్టింది. ఎక్కడ ఈమె చెయ్యి అయిపోయి ఆమె చెయ్యి మొదలవుతుందో తెలియక.

మహిమకి ఫోను చేశాను.

"అమ్మా, ఇరవై మూడో ఫొటో తీసెయ్."

"కొత్తది పంపుతున్నావా బాబాయ్?"

"లేదు. ఉన్నదీ తీసెయ్. మొత్తం తీసెయ్."

"మొత్తమా? అందులో తాతయ్య ఉన్నాడు, నాన్న చిన్నప్పుడు ఉన్నాడు. నువ్వూ ఉన్నావు."

"తెలుసమ్మా. తీసెయ్."

ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. తనకి తెలుసో తెలియదో నాకు తెలియదు. నేనూ అడగలేదు.

సాయంత్రం అన్న ఫోను చేశాడు.

"ఏంట్రా, ఫొటోనే తీయించావంట? మీ అమ్మ కోసమేగా ఇంత గొడవ చేశావు!"

"అవునన్నా."

"నేను ఒప్పుకున్నాను కదరా. మీ అమ్మ పేరు పెట్టుకోమన్నాను కదా. మళ్లీ ఏమైంది?"

"మా అమ్మ పక్కన మీ అమ్మ నిలబడి ఉందన్నా. మా అమ్మ పేరు రాసి ఆమె పేరు తెలియదని రాయలేను. రాస్తే మా అమ్మ ఒప్పుకోదు."

అవతల వాళ్లింట్లో ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినపడుతోంది. నేను ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను. ఒక్క మాట అంటాడని చూశాను. పేరు రాసెయ్‌రా అంటాడని. ఆ రెండు ముక్కలు అంటే చాలు, ఆరోజే మొత్తం మళ్లీ పంపేవాణ్ణి, పాతదంతా మరిచిపోయేవాణ్ణి. నిజంగా మరిచిపోయేవాణ్ణి.

అన్న గొంతు సవరించుకున్నాడు.

"సరే. నీ ఇష్టం. అయితే ఇరవై మూడు లేకపోతే వరస తప్పిద్ది. ఇరవై నాలుగు నుంచి నంబర్లు మార్చి పంపు. మహిమకి టైము లేదంట."

సరేనని పెట్టేశాను.

మార్చాను. ఇరవై నాలుగుని ఇరవై మూడు చేశాను, ఇరవై అయిదుని ఇరవై నాలుగు చేశాను, అట్లా నలభై ఒకటి దాకా. పద్దెనిమిది ఫొటోలు. ఏ తెర మీద చూసినా ఇప్పుడు వరస సరిగ్గా ఉంటుంది.